వెనక గోడ మీది రెండు బాక్సులు

మా కొత్త చర్చి కట్టేముందు సంఘ పెద్దలం కలిసి ఆలోచించిన విషయాలు రెండే: ఎంత ఎత్తు ఉండాలి, ఎంత మెరవాలి. లోపల ఒక మనిషి నిలబడి మాట్లాడతాడనీ, మిగతావాళ్ళు కూర్చుని వింటారనీ ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. టైల్స్ ఏరడానికి వెళ్ళిన ముగ్గురిలో నేనొకణ్ణి. గోడలకి నిలువెత్తు మెరిసే టైల్స్, నేలకి గ్రానైటు, పైన శ్లాబు. నీళ్ళు కొట్టి తుడిస్తే చాలు, పదేళ్ళయినా కొత్తగా ఉంటుందని కొట్టాయన అంటే ముగ్గురం ఒకేసారి తలలూపాం. ఆయన బాత్‌రూమ్ కట్టుకునేవాళ్ళకి చెప్పే మాటే చెప్పాడు. మేం దాన్ని చర్చికి కొనుక్కొచ్చాం.

అంతకుముందు మాది కాశీబుగ్గలో ఓ సందు లోపల పెంకుల షెడ్డు. దూలాలకి చెదలు, కిటికీలకి రెక్కల్లేవు, కింద కొబ్బరిపీచు పట్టాలు. వానొస్తే ఆరు చోట్ల కారేది. కానీ మా పాస్టరుగారు, మేం అయ్యగారంటాం, మైకు లేకుండా మాట్లాడినా ఆఖరి వరసలో చంటిదాన్ని జోకొడుతున్న తల్లికి కూడా మాట మాటగా చేరేది. ఆయనది పెద్ద గొంతు కాదు. పక్కన కూర్చున్న మనిషితో పొలం సంగతో పిల్లల చదువో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆ షెడ్డుకి అది సరిపోయింది. కొత్త హాల్లో మొదటి ఆదివారం ఆయన నోరు తెరిచేసరికి మాటలు గోడకి తగిలి, శ్లాబుకి తగిలి, ఒకదాని మీద ఒకటి పడి, గంజిలా చిక్కబడి మా మీద పడ్డాయి. ఇన్నూరు మందిమి ఆ గంజిలో కూర్చుని గౌరవంగా తలలూపుతూ ఉండిపోయాం.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"ఏటి సెప్పినారే అయ్యగారు ఈయాల?"

"ఏటో సెప్పినారు. బాగానే సెప్పినారు."

పెద్దలం సమావేశమయ్యాం. మాలో తూకం ఉన్నవాళ్ళు ఇద్దరు. ఒకాయన టెక్కలిలో ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. తెల్ల కాగితం కనబడితే మార్జిన్ మడతపెట్టకుండా ఉండలేడు. రెండో ఆయనకి జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఏ వస్తువైనా చేత్తో ఎత్తి చూసిగాని నమ్మడు. గోడల సంగతి ఎవరూ ఎత్తలేదు. గోడలు మేం ఎంచినవి, వాటికి తప్పుండదు. మైకు సెట్టు చాలడం లేదని తేల్చాం. కొనుక్కురావడానికి వాళ్ళిద్దరితో పాటు నన్నూ పంపారు, బేరానికి.

బేరం గురించి నా గొప్ప నేనే చెప్పుకోవాలి. మా నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది బట్టల కొట్టు, మేనమామది ఇనప సామాను. మా ఇళ్ళల్లో పిల్లలకి నడక కంటే ముందు బేరం వచ్చేది. ధర తగ్గించుకోవడాన్ని మావాళ్ళు పెద్ద పనిగా లెక్కపెట్టరు. కొసరు రాబట్టాలి. పప్పు మీద గుప్పెడు, జాకెట్టు గుడ్డ మీద జానెడు, మేకుల మీద నాలుగు మేకులు. అలా వచ్చినదాన్ని మావాళ్ళు చచ్చినా పారెయ్యరు. కొసరుగా పుచ్చు వంకాయ వస్తే పుచ్చు కోసేసి మిగతాది కూరలో వేస్తారు. తిని కడుపునొప్పి వస్తే కడుపుదే తప్పంటారు. ఈ పెంపకంతో నేను యాభై దాటాను.

బరంపురంలో ఒక కొట్టుకి వెళ్ళాం. కొట్టాయన ఒక పెద్ద స్పీకరు బాక్సుని గుమ్మంలోకి ఈడ్చి, రోడ్డు మీదకి తిప్పి, పాట పెట్టాడు. ఎదురుగా టీ బడ్డీలో గ్లాసులు గలగలమన్నాయి. గుమాస్తా పెద్ద చెవులు మూసుకుని బాగుందన్నాడు. ఫ్యాక్టరీ పెద్ద బాక్సుని రెండు చేతులతో ఎత్తి దించి, "బరువున్నాది. సరుకున్నాది," అన్నాడు. మైకు పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడి చూద్దామని ముగ్గురిలో ఒక్కడికీ బుద్ధి పుట్టలేదు. మేం కొంటున్నది ప్రసంగం వినడానికి. చూసుకున్నది గ్లాసుల మోత.

నాలుగు బాక్సులు ఖాయం చేసి నా పని మొదలుపెట్టాను. మూడుసార్లు మెట్లు దిగి వెళ్ళిపోయాను. మొదటిసారి ఆయన పిలవలేదు. రెండోసారి పేరు అడిగాడు. మూడోసారి రోడ్డు దాకా వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ధర నా చేతిలో లేదు బాబూ. మీ ముఖం చూసి ఇంకో రెండు బాక్సులు ఊరికే ఇస్తాను. దేవుడి పని కదా."

ఆ రెండు బాక్సులూ ఒక మూల దుప్పటి కింద ఉన్నాయి. దుప్పటి తీస్తే దుమ్ము లేచింది. ఆయన ముఖంలో ఆ క్షణాన నాకు కనిపించింది ఓటమి అనుకున్నాను. పలాస స్టేషన్లో దిగేదాకా ఆ ముఖాన్నే తలుచుకుని మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే అది ఓటమి కాదు. చాలాకాలంగా అడ్డంగా ఉన్న సామానుని ఎవరో మోసుకుపోతుంటే మనిషి ముఖంలో వచ్చే నెమ్మది. ఊళ్ళో మాత్రం మెట్లు మూడుసార్లు దిగిన కథ నెలరోజులు చెప్పాను. నాలుగోసారి చెప్పినప్పుడు ఆ మూడుసార్లు కాస్తా ఐదయ్యాయి.

నాలుగు బాక్సులు ముందు పెట్టాక కొసరు బాక్సులకి చోటు లేదు. లేకపోతే ఎలా? వెనక గోడకి ఎత్తుగా, వేదికకి ఎదురుగా బిగించాం. "వెనకాల కూర్చునేవారికి కూడా సమన్యాయం జరగాలి," అన్నాడు గుమాస్తా పెద్ద. సమన్యాయం అంటే ఏమిటో ఆ తర్వాతి ఆదివారమే తెలిసింది. మాట ముందునుంచి ఒకసారి, వెనకనుంచి ఒకసారి, గోడలనుంచి నాలుగైదుసార్లు వచ్చింది. నడుమ వరసల్లో కూర్చున్నవాళ్ళు ఎటు తిరగాలో తెలియక మెడ తిప్పుతూ ఉన్నారు. వెనక బాక్సులు నేరుగా మైకు వైపే చూస్తున్నాయి కాబట్టి సౌండు కాస్త పెంచితే చాలు, మైకు కూసేది. కూసినప్పుడల్లా కీబోర్డు వాయించే ఆయన ఏదో మీట తిప్పేవాడు. ఆ మీట ఎకో మీట అని తర్వాత తెలిసింది. గోడలు చేసే పని చాలదని మిషనుతో కూడా చేయించాం.

అయినా సెట్టుని ఎవరూ తప్పుపట్టలేదు. కారణం పాటలు. పాటలు అందరికీ నోటికొచ్చు. వినపడనక్కర్లేదు. డ్రమ్ముల ప్యాడ్స్ దెబ్బకి కిటికీ అద్దాలు అదురుతుంటే కుర్రకారు చేతులెత్తి ఊగిపోయేవారు. మోత ఎక్కువైతే భక్తి ఎక్కువైందని మా సంఘం నమ్మకం. పాటలు అంత ఘనంగా వచ్చి, ప్రసంగం ముద్దగా వస్తే తప్పు ఎవరిది? ప్రసంగం చేసేవారిది.

ఆ మాట అనడానికి మావాళ్ళకి రెండు నెలలు కూడా పట్టలేదు.

"వయసైపోయింది. వాయిస్ లేదు," అన్నాడు గుమాస్తా పెద్ద, పెద్దల సమావేశంలో. అప్పటికే కాగితం మార్జిన్ మడత పెట్టి ఉంది. "మంచి గొంతున్న యువకుణ్ణి వెయ్యమని పైకి రాద్దాం. వీరిని ఎక్కడైనా చిన్న సంఘానికి ట్రాన్స్‌ఫర్ చేస్తారు. విశ్రాంతిగా ఉంటుంది."

"అంత సెట్టు ఎట్టినా ఇనపడకపోతే ఇంకేటి సేత్తాం," అన్నాడు ఫ్యాక్టరీ పెద్ద.

వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఉత్తరం చదివి అందరం సంతకాలు పెట్టాలని అనుకున్నారు. చిత్తుప్రతి మీద అప్పుడే పెట్టమన్నారు. కళ్ళద్దాలు తేలేదన్నాను. అద్దాలు నా జేబులోనే ఉన్నాయి.

ఆ బదిలీ అంటే ఏమిటో ఆ గదిలో తెలియనివాళ్ళు లేరు. అయ్యగారి భార్యని మేం అమ్మగారంటాం. ఉద్దానంలో పుట్టిన ఎంతోమందికి లాగే ఆవిడకీ కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు పలాసలోనే డయాలసిస్. ఆటో ఎక్కితే ఆసుపత్రి, దిగితే ఇల్లు. వేసే చిన్న సంఘం ఏ కొండ పక్కనో అయితే ఆవిడ సంగతేమిటని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఉత్తరం ఆగిపోతుంది. రాసిన ఉత్తరం ఆగిపోవడం గుమాస్తా పెద్దకి నచ్చదు. నేనూ అడగలేదు. నేను అడగకపోవడానికి కారణం ఇంకా హీనమైనది. ఆ వెనక బాక్సుల మీద నాకు అప్పటికే అనుమానం ఉంది.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు అరుగు మీద బియ్యంలో రాళ్ళేరుతున్నారు. చేతికి సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన నరం మీద చిన్న గుడ్డ కట్టి ఉంది. ఉత్తరం సంగతి ఆవిడకి ముందే చేరింది. మా సంఘంలో మైకు లేకుండా బాగా వినపడేవి ఇలాంటివే.

"ఎక్కడికెయ్యమంటే అక్కడికెల్తాం నాయనా. అదేటి కొత్తా మాకు," అన్నారు తల ఎత్తకుండా. "కానైతే అక్కడ మిషనుండాల గదా."

అయ్యగారు లోపల వేడినీళ్ళు తాగుతున్నారు. ప్రతి ఆదివారం అరిచి అరిచి గొంతు రాసుకుపోయింది.

"లోపం నా గొంతులోనే ఉందేమో నాయనా," అన్నారు బొంగురుగా. "ఇంకాస్త గట్టిగా ప్రయత్నిస్తాను."

బాక్సుల మాట నోటిదాకా వచ్చింది. కాఫీతో పాటు మింగేసి వచ్చాను.

ఆ వారంలోనే ఎండుచేపల బేరానికి భావనపాడు వెళ్ళాను. అక్కడ అమ్మవారి పండగ. ఇసకలో రెండు వెదురు గడలకి రెండు పాత బాకా స్పీకర్లు కట్టారు. సొట్టలు పడి, రంగు పోయి, కాకులు కూడా కూర్చోని రకం. ఊరేగింపులో ఎవరి ఘటం ముందు, ఎవరిది వెనక అని ఒకాయన మైకులో చెబుతున్నాడు. సముద్రం హోరుమంటోంది, గాలి ఇసకని ఎత్తి కొడుతోంది, చేపలు ఆరబెట్టే కళ్ళం అవతల నిలబడ్డ నాకు ఇంటిపేర్లతో సహా వినపడుతోంది. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళి మైకు సెట్టు ఆయన్ని పట్టుకున్నాను. వేటకి వెళ్ళే ఇంటి మనిషే. వేట లేని రోజుల్లో సెట్టు అద్దెకిస్తాడు.

మా కథంతా విని బీడీ ఆర్పాడు.

"ఎన్ని బాక్సులెట్టినారు?"

"ఆరు."

"గోడలకేటి?"

"టైల్స్."

"బాగున్నాది. నూతిలో ఆరుగుర్ని దింపి అరవమన్నారన్నమాట."

పండగ అయిన రెండో రోజు పగటి బస్సుకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, హాలు నడుమ నిలబడి, ఒక్కసారి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పుడు వెంటనే పోలేదు. గోడల వెంట గింజలు దొర్లినట్టు దొర్లి దొర్లి ఎప్పటికో ఆగింది. కట్టించినవాళ్ళం ఇంతమందిమి, ఇన్ని నెలల్లో ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడలేదు. ప్రారంభోత్సవం నాడు కొట్టాం, కానీ అవి మా కోసం కొట్టుకున్నవి.

నన్ను నడుమ వరసలో కూర్చోబెట్టి, తను మైకు దగ్గరికి వెళ్ళి చేపల పేర్లు వరసగా చదివాడు. నేను బేరమాడని చేప ఈ తీరంలో లేదు. అయినా ఒక్క పేరు పట్టుకోలేకపోయాను. అప్పుడాయన నిచ్చెనేసుకుని వెనక గోడ మీది రెండు బాక్సుల వైర్లూ పీకేశాడు. ఎకో మీట సున్నాకి తిప్పాడు. సౌండు సగానికి తగ్గించాడు. ఎదుటి గోడని చూస్తున్న ముందు బాక్సుల్ని మనుషుల తలల వైపు వంచాడు. మళ్ళీ చదివాడు. వంజరం వంజరంలా వచ్చింది, కానాగంత కానాగంతలా వచ్చింది.

సంతోషించాల్సిన చోట నేను బేరానికి దిగాను.

"రెండిట్లో ఒకటి ఉంచితే?"

"వద్దు బావా."

"సౌండు బాగా తగ్గించి రెండూ ఉంచితే?"

"మాట రెండుసార్లు ఇనపడతాది. సన్నంగా ఇనపడినా రెండుసార్లే గదా."

"పోనీ వైరు లేకుండా, ఊరికే అందానికి?"

"ఉంచుకో. వచ్చే ఆదివారం ఎవడో ఒకడు వైరూడిపోనాదని మళ్ళీ తగిలిస్తాడు." నిచ్చెన దిగి నా ముఖం చూశాడు. "ఏటి బావా, ఇవి ఊరికినే వచ్చినాయేటి?"

నేను నిచ్చెన తీసి పక్క గోడకి ఆనించాను.

"అదీ సంగతి. నువ్వు బేరమాడతన్నావు సరే, నేనొప్పుకుంటాను. గోడొప్పుకోవాల గదా."

ఆ రెండు బాక్సులూ తనని పట్టుకుపొమ్మన్నాను. తల అడ్డంగా ఊపాడు. "మా అమ్మోరి పండక్కి ఇవి కడితే అమ్మోరు లేచెళ్ళిపోద్ది." పోతూ పోతూ వెనక గోడకి మెత్తటిది ఏదైనా కట్టమన్నాడు. మందంగా ఉండాలి, గుడ్డో గోనో పరవాలేదు.

జీడి గింజలొచ్చిన ఖాళీ గోనెలు ఫ్యాక్టరీ పెద్ద దగ్గర గుట్టలున్నాయి. ఆయనకి చెప్పకుండా మేనేజర్ని అడిగి తెచ్చాను. శనివారమంతా వాటిని రెండు పొరలుగా కుట్టించి, వెనక గోడకి కట్టి, పైన పాత షామియానా గుడ్డ కప్పాం. కింద షెడ్డులోని కొబ్బరిపీచు పట్టాలు పరిపించాను. అన్ని లక్షలు పోసి కట్టిన కొత్త చర్చి సాయంత్రానికి పెళ్ళి విడిదిల్లులా తయారైంది. కొసరు బాక్సుల్ని దించి సామాన్ల గదిలో పెట్టాను. దించుతుంటే చేతులకి కష్టం కాలేదు. ఉన్న కాస్త బరువూ చెక్కదే, లోపల సరుకు అంతంతే.

ఆదివారం అయ్యగారు అలవాటు ప్రకారం అరుస్తూ మొదలుపెట్టారు. మొదటి మాటకే ముందు వరస ఉలిక్కిపడింది. ఆయన ఆగారు. మైకుని చూశారు. ఒకసారి గొంతు సవరించుకుని, షెడ్డులో మాట్లాడినట్టు మాట్లాడారు. ఆఖరి వరసలో నేను నిలబడి ఉన్నాను. మాట మాటగా వచ్చింది. నా ముందు కూర్చున్న ముసలామె పక్కామె మోకాలి మీద తట్టి, ముందుకి వంగింది. అమ్మగారు ఆడవాళ్ళ వైపు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నారు.

ఆరాధన అయ్యాక పెద్దలం పక్కగదిలో కూర్చున్నాం. సంతకాలు పెట్టాల్సిన ఆదివారం అదే, ఉత్తరం బల్ల మీద ఉంది. వినపడింది కాబట్టి ఉత్తరం చిరిగిపోతుందని నేను అనుకున్నాను. మావాళ్ళని ఇన్నేళ్ళు చూసి కూడా అనుకున్నాను.

"ఈ వారం స్పష్టంగానే చెప్పారు," అన్నాడు గుమాస్తా పెద్ద పెన్ను మూత తీస్తూ. "అంటే శక్తి లేక కాదు. ఇన్నాళ్ళూ శ్రద్ధ లేక. ఈ పాయింటు కూడా చేర్చాలి."

ఫ్యాక్టరీ పెద్ద తలూపాడు. మిగతావాళ్ళూ ఊపారు. టైల్స్ కొట్టులో ఊపిన తలలే.

ఇంక దాచుకోవడానికి లేదు. ముందు గోడల సంగతి చెప్పాను. గోడల మాట ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు బాక్సుల సంగతి చెప్పాను. బరంపురం కొట్టాయన వదిలించుకున్న చెత్తని నేను గెలుచుకున్నాననుకుని తెచ్చి గోడకెక్కించాననీ, అయ్యగారి గొంతుని ఇన్నాళ్ళూ నొక్కింది అవేననీ, నిన్న దించేశాననీ చెప్పాను.

ఫ్యాక్టరీ పెద్ద కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. "అయితే ఆ కొట్టోడు నిన్ను ముంచీసినాడు."

"ముంచాడు."

"మూడుసార్లు మెట్లు దిగినావు గదా."

"దిగాను."

"ఆడు మూడుసార్లూ నవ్వుకునుంటాడు." అని ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. గదంతా నవ్వింది. ఆ నవ్వు మాత్రం గోడలకి తగిలి ఎంతసేపు తిరిగిందో. "సరేగాని, ఆ గుడ్డ కింద గోనెలు ఎక్కడివి? మా మార్కులాగున్నాది."

"మీవే."

నవ్వు ఆపాడు.

గుమాస్తా పెద్ద నవ్వలేదు. సమన్యాయం తన మాట. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి జేబు వైపు తీసుకెళ్ళాడు. "సరే. కొన్నాళ్ళు చూద్దాం."

ఆ ఉత్తరం ఆయన జేబులో ఉన్నంతకాలం అమ్మగారి మిషను కూడా ఆ జేబులోనే ఉంటుంది. ఆయనకి ఏం కావాలో నాకు తెలుసు. కాగితం కావాలి, ఆ కాగితంలో ఆయన తప్పు ఉండకూడదు.

"మినిట్స్ పుస్తకంలో రాసుకోండి," అన్నాను. "తప్పంతా నాదని. కొన్నది నేను, వెనక కట్టించింది నేను, కమిటీకి సంబంధం లేదని. సంతకం పెడతాను. ఇకమీద ఏ కొనుగోలుకీ నన్ను పంపొద్దని కూడా రాయండి. ఆ ఉత్తరం నాకివ్వండి."

ఆయన ముఖం విచ్చుకుంది. ఒక పేజీ నిండా రాశాడు, అందమైన దస్తూరి. నా అవివేకం, నా తొందరపాటు, కమిటీ వారు సకాలంలో గుర్తించి చేపట్టిన చర్యలు. చదివి వినిపించాడు. మైకు లేకుండానే ప్రతి అక్షరం తెలిసింది. జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకుని సంతకం చేశాను. ఉత్తరం తీసుకుని అక్కడే ఎనిమిది ముక్కలు చేశాను.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక జనం పల్చబడ్డాక బయటికొస్తే అమ్మగారు మెట్ల మీద కనిపించారు.

"మైకు బాగుసేయించింది నువ్వేనట గదా," అన్నారు.

"పాడుచేసింది కూడా నేనే అమ్మగారూ."

"అదీ ఇన్నాను." కొంగుతో ముఖం తుడుచుకున్నారు. "ముందు ముప్పావుగంటలో ముగించీవోరు. ఇప్పుడు ఇనపడతన్నాదని తెలిసిపోనాది. గంటంపావు. సెప్పిందే మళ్ళీ సెప్తన్నారు."

నిజమే. నేను కూడా గోనెల పక్కన నిలబడి గంటంపావు విన్నాను, కాళ్ళు లాగాయి.

"రేపు ఆరింటికి ఆటో ఎక్కాల. పెందరాళే పడుకోవాలంటే ఇనరు," అంటూ లోపలికి చూశారు. అయ్యగారు తలుపు దగ్గర ఎవరో ముసలాయనకి ఆ రోజు చెప్పినదే ఇంకోసారి చెబుతున్నారు. ముసలాయన వింటున్నాడు. అమ్మగారు మెట్టు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు చాపుకున్నారు.